నొప్పి లేదని రాసిన కాగితం

కిందటి వారం శౌరమ్మను ఆస్పత్రి మెట్ల మీద వదిలాం. బెజవాడలోని ఆ ప్రైవేటు క్యాన్సర్ ఆస్పత్రిలో కీమో ఎక్కించే డే కేర్‌కి ఆమె ఇన్‌చార్జి సిస్టర్. పది రోజుల కిందట చల్లపల్లి నుంచి వచ్చిన త్రిపురసుందరి అనే రిటైర్డ్ టీచరుకి ఎర్ర మందు ఎక్కిస్తుండగా అది నరంలోంచి బయటికి కారి చేతిని కాల్చేసింది. ఆ రోజు డ్యూటీలో ఉన్న బ్లెస్సీ అనే ఇరవై మూడేళ్ల నర్సుని సస్పెండ్ చేశారు. గురువారం పన్నెండింటికి ఎంక్వైరీ. ఆ పిల్ల తరఫున మాట్లాడి తీరాలని, పొద్దున్నే గుణదల మాతకి కొవ్వొత్తి వెలిగించి, శౌరమ్మ డ్యూటీకి వచ్చింది.

మెట్లెక్కేటప్పుడు ఆమె మనసు తేలిగ్గానే ఉంది. ఇంకొకరి కోసం నిలబడబోతున్నాననుకున్నప్పుడు మనిషికి తన మీద తనకి కాస్త ఇష్టం పుడుతుంది. ఆ ఇష్టం సరిగ్గా మూడో అంతస్తు దాకా నిలిచింది.

త్రిపురసుందరి ఉన్న గది మూడో అంతస్తులోనే. మంచం పక్కన ఆమె భర్త రామ్మూర్తి కూర్చుని ఉన్నాడు. ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ఈ పది రోజుల్లో ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. స్టాఫ్‌కి ఆయనంటే భయం అందుకే. శౌరమ్మ డ్రెస్సింగ్ ట్రే పట్టుకుని లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు.

"మీరు కూర్చోండి సార్."

"వద్దులెండి, మీకు అడ్డం" అని కిటికీ దగ్గరికి జరిగాడు.

శౌరమ్మ కట్టు విప్పింది. కుడి అరచేతి వెనక, వేళ్ల మొదళ్ల నుంచి మణికట్టు దాకా చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. మధ్యలో రూపాయి బిళ్లకంటే పెద్ద మేర నల్లబడిపోయింది. తొడ నుంచి చర్మం తీసి అతకాలని నిన్న సర్జన్ చెప్పి వెళ్లాడు. అది మానేదాకా కీమో ఆపక తప్పదన్నాడు పెద్ద డాక్టరు. దాంతో అందరూ చెయ్యి ఎలా ఉందనే అడుగుతున్నారు. ఆమె రొమ్ములో ఉన్న గడ్డ సంగతి అడగడం మానేశారు. ఆ గడ్డ మాత్రం ఎవరి కోసమూ ఆగేది కాదు.

"వేళ్లు కదపండి టీచరు గారూ."

రెండు కదిలాయి. మూడోది వణికి ఊరుకుంది.

"ఇవాళ మీటింగంట కదా సిస్టర్ గారూ" అంది త్రిపురసుందరి.

"అవునండీ. నేనూ మాట్లాడబోతున్నాను. బ్లెస్సీ చిన్నపిల్ల. ఆ రోజు పద్దెనిమిది మంది పేషెంట్లకి అదొక్కతే. ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపూ నర్సు పక్కనే కూర్చోవాలి. నిజమే. కానీ ఎంతమంది పక్కన కూర్చుంటుంది చెప్పండి?"

"చెప్పండి. తప్పకుండా చెప్పండి. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నా పక్క కుర్చీలో ఒకాయన వాంతులు చేసుకుంటుంటే తల పట్టుకుని నిలబడింది. నేను చూస్తూనే ఉన్నాను."

శౌరమ్మ దూదిని మందులో తడిపి పుండు అంచుల వెంట అద్దుతోంది. త్రిపురసుందరి పళ్లు బిగించి, కాసేపాగి, మళ్లీ మొదలుపెట్టింది.

"నేను లెక్కల టీచర్నండీ. ముప్పై రెండేళ్లు అదే పని. ఊరికే కూర్చోబెడితే ఏదో ఒకటి లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ఆ హాల్లో నాకెదురుగా గోడ గడియారం ఉంది. పదకొండూ ఇరవైకి మంట మొదలైంది. పదకొండూ నలభై ఎనిమిదికి ఆ పిల్ల వచ్చి చూసి, అయ్యో అని మందు ఆపేసింది. ఈలోగా ఏడుసార్లు పిలిచాను."

"ఏడుసార్లా?"

"ఆరుసార్లు ఆ పిల్లని. ఒకసారి మిమ్మల్ని."

శౌరమ్మ చేతిలో దూది ఆగిపోయింది.

"నన్నా?"

"పదకొండూ ఇరవై రెండుకి. మీ చేతిలో నీలం ఫైలుంది. మీ వెనక కోట్లేసుకున్నవాళ్లు ఇద్దరున్నారు. 'సిస్టర్, చెయ్యి మండిపోతోంది' అన్నాను. మీరు ఆగారు కూడాను. నా భుజం మీద చెయ్యి వేసి, 'కొంచెం ఓర్చుకోవాలమ్మా, బలమైన మందు కదా' అని నవ్వి వెళ్లారు."

శౌరమ్మ ఆ రోజు జ్ఞాపకాల్లో వెతుక్కుంది. కోట్లేసుకున్నవాళ్లు గుర్తున్నారు, ఏదో ఇన్సూరెన్సు కంపెనీ తరఫున హాలు చూడటానికి వచ్చారు. ఫైలు గుర్తుంది. వాళ్లకి తను చెప్పిన మాటలు కూడా గుర్తున్నాయి. ఈ మొహం మాత్రం లేదు. ఎంత తవ్వినా లేదు. కొంచెం ఓర్చుకోవాలమ్మా అనే మాట ఆమె రోజుకి యాభైసార్లు అంటుంది. భుజం మీద చెయ్యి వేయడమూ అలవాటే. శౌరమ్మ సిస్టర్ చెయ్యి వేస్తే సగం నొప్పి పోతుందని పేషెంట్లు చెప్పుకోవడం తనే చాలాసార్లు విని మురిసిపోయింది.

"నాకు గుర్తు లేదండీ" అంది చివరికి.

"తెలుసు. పది రోజులుగా మీరే కట్టు కడుతున్నారు. ఇవాళ గుర్తొస్తుంది, రేపు గుర్తొస్తుంది అని రోజూ మీ మొహమే చూస్తున్నాను. ఇవాళ మీటింగన్నారు. ఇంక చెప్పకపోతే ఎలా అనిపించింది."

"టీచరు గారూ..."

"మీ మీద ఫిర్యాదు కాదండీ ఇది. మీరు చెప్పాక ఏం జరిగిందో కూడా చెప్తాను. అంత పెద్ద సిస్టర్ ఓర్చుకోమన్నాక ఇంకా అరిస్తే బాగోదనిపించింది. తర్వాత పిలిచినప్పుడల్లా గొంతు తగ్గించి పిలిచాను. అందుకే ఆ పిల్లకి వినపడలేదేమో."

శౌరమ్మ కొత్త కట్టు చుట్టడం మొదలుపెట్టింది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. కిటికీ దగ్గర్నుంచి రామ్మూర్తి వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"కట్టు కాస్త వదులుగా కట్టండి సిస్టర్. నిన్న బిగుసుకుపోయిందట. మీతో చెప్పడానికి మొహమాటపడింది."

*

నర్సింగ్ సూపరింటెండెంట్ క్రిస్టినా గది రెండో అంతస్తులో. పదిహేనేళ్ల కిందట ఆ క్రిస్టినాకి నరం వెతకడం నేర్పింది శౌరమ్మే. ఇప్పుడు క్రిస్టినా కుర్చీలో, శౌరమ్మ కుర్చీకి ఇవతల. అయినా ఆ అమ్మాయి అక్కా అని పిలవడం మానలేదు. ఆ పిలుపుతోనే పనులు చేయించుకుంటుంది.

"కూర్చోండి అక్కా. మీటింగుకి ముందు మీరు ఇది చూడాలి."

త్రిపురసుందరి షీట్ అది. ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపూ అయిదు నిమిషాలకొకసారి చెయ్యి చూసి, ఎలా ఉందో రాసి సంతకం పెట్టాల్సిన కాగితం. ప్రతి గడిలోనూ బ్లెస్సీ గుండ్రటి అక్షరాలు. 11.20, నొప్పి లేదు. 11.25, నొప్పి లేదు. 11.30, నొప్పి లేదు, వాపు లేదు. మందు ఆపేసింది 11.48కి. షీట్లో పన్నెండు దాకా నొప్పి లేదు.

"దొంగ రాత" అంది క్రిస్టినా. "ఇది నర్సింగ్ కౌన్సిల్‌కి పంపిస్తే ఆ పిల్ల మళ్లీ జన్మలో నర్సు కాలేదు. డైరెక్టర్ లక్ష్మీకాంత్ సార్ అంతదాకా వద్దన్నారు. ఉద్యోగం మానేసి వెళ్లిపోతే చాలన్నారు. ఆ పిల్ల ఒప్పుకుంది కూడా."

ఇంకో కాగితం ముందుకి జరిపింది. బ్లెస్సీ చేత్తో రాసిన ఉత్తరం. 'ఇన్‌చార్జి సిస్టర్ గారు ఎన్నోసార్లు చెప్పినా వినకుండా నా అంతట నేనే షీట్ ముందుగా నింపేశాను. ఇందులో వేరెవ్వరికీ సంబంధం లేదు.'

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరు రాయమంటేనేం, రాసింది."

శౌరమ్మ ఆ వాక్యం మళ్లీ చదివింది. ఎన్నోసార్లు చెప్పిన మాట నిజమే. కాకపోతే తను చెప్పింది ఇంకొకటి. రెండేళ్ల కిందట ఆస్పత్రికి సర్టిఫికెట్ ఇవ్వడానికి తనిఖీవాళ్లు వస్తున్నారన్నారు. షీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. అయిదు నిమిషాలకొకసారి చూసే తీరిక ఏ పిల్లకుంది గనక? ఇంకో ఇద్దరు నర్సుల్ని ఇవ్వమని శౌరమ్మ లక్ష్మీకాంత్‌ని అడిగింది. ఒక్కసారి, నోటిమాటగా, కారిడార్లో. ఇప్పుడెక్కడ కుదురుతుందమ్మా అన్నాడు. ఆ మర్నాడు పిల్లలందరినీ నిలబెట్టి చెప్పింది: డ్యూటీ ఎక్కగానే షీట్లన్నీ నింపేయండి, తర్వాత మీ పని మీరు చూసుకోండి, ఏదైనా తేడా వస్తే అప్పుడు దిద్దుకుందాం అని. తనిఖీవాళ్లు వచ్చి షీట్లు తిరగేసి మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం డే కేర్‌లో కేకు కోశారు. మొదటి ముక్క శౌరమ్మ నోట్లోనే పెట్టారు.

"క్రిస్టినా, షీట్లు ముందే నింపమన్నది నేను."

"తెలుసు అక్కా."

"నీకు తెలుసా?"

"తెలియకపోవడానికి నేనేమన్నా పై నుంచి ఊడిపడ్డానా? అప్పుడు నేనూ ఆ హాల్లోనే ఉన్నాను." క్రిస్టినా గొంతు మెత్తగానే ఉంది. "అందుకే కదా మిమ్మల్ని ముందుగా పిలిచింది. ఇదిగో, ఇందులో రెండే లైన్లు. నియమం ప్రకారం ట్రైనింగ్ ఇచ్చాను, రోజూ చూసుకుంటున్నాను అని. సంతకం పెట్టేయండి. మీకింకా రెండేళ్లే సర్వీసు. గౌరవంగా వెళ్లాలి మీరు."

"టీచరు గారు ఆ రోజు నన్ను కూడా పిలిచారట. నేను ఓర్చుకోమని చెప్పి వెళ్లిపోయానట."

క్రిస్టినా పెన్ను బల్ల మీద పెట్టింది. ఒక్క క్షణం ఆ మొహంలో పాత అమ్మాయి కనపడుతుందేమోనని శౌరమ్మ ఆశపడింది.

"ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసు?" అని అడిగింది క్రిస్టినా.

అలా ఎందుకు జరిగిందని అడగలేదు. ఆవిడ ఎలా ఉందని అడగలేదు. శౌరమ్మకి కోపం రావాల్సింది. రాలేదు. ఆ కుర్చీలో తనున్నా అదే అడిగేదాన్నని తెలిసింది.

"కళ్లజోడు డే కేర్‌లో మర్చిపోయాను. తెచ్చుకుని సంతకం పెడతాను" అంది.

కళ్లజోడు మెడలో గొలుసుకి వేలాడుతూనే ఉంది. క్రిస్టినా దాన్ని చూసింది.

*

శౌరమ్మ సంతకం పెట్టేద్దామనే అనుకుంది. దాచడం దేనికి? బ్లెస్సీ ఎటూ రాసిచ్చేసింది. చిన్నపిల్ల, ఇంకెక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది. ఇలాంటి మాటలన్నీ మెట్లు దిగుతూ వరసగా పేర్చుకుంది. డే కేర్‌లో అయిదు నిమిషాలు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ పైకెళ్లాలి. అంతే.

హాలు నిండుగా ఉంది. కౌంటర్ దగ్గర పవన్‌కుమార్ మందు సంచులకి పేర్లు అంటిస్తున్నాడు. నర్సింగ్ చదివి అయిదేళ్లయింది, నెమ్మదస్తుడు, బ్లెస్సీ స్థానంలో వేశారు. గడియారంలో పదకొండూ అయిదు. కౌంటర్ మీద ఇవాళ్టి షీట్లు దొంతరగా ఉన్నాయి. శౌరమ్మ అలవాటుగా పై కాగితం అందుకుంది. జక్కయ్య, అరవై రెండేళ్లు, ఎర్ర మందు, పదకొండింటికి మొదలు. 11.10, నొప్పి లేదు. 11.15, నొప్పి లేదు. అలా పన్నెండు దాకా.

కింది కాగితం తీసింది. దాని కిందిది తీసింది.

"ఇవెప్పుడు రాశావు బ్రదర్?"

"ఎనిమిదింటికి సిస్టర్. డ్యూటీ ఎక్కగానే. మీరు చెప్పినట్టే."

"అంత జరిగాక కూడానా?"

పవన్‌కుమార్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "జరిగింది కాబట్టే కదా సిస్టర్. ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా రాశాను. పొద్దున క్రిస్టినా మేడం వచ్చి చూసి బాగుందన్నారు కూడా."

శౌరమ్మ వెళ్లి జక్కయ్య పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఎండకి నల్లబడిన రైతు చెయ్యి. సూది చుట్టూ వేళ్లతో నొక్కి చూసింది. వాపు లేదు.

"మంటగా ఏమన్నా ఉందా?"

"అబ్బే, లేదమ్మా."

"మంట పుడితే వెంటనే చెప్తారా?"

"చెప్తానమ్మా" అన్నాడు జక్కయ్య వినయంగా. "మీకు వీలు చిక్కినప్పుడు చెప్తాను."

ఆమె లేవలేదు. మందు అయిపోయేదాకా, నలభై నిమిషాలు, ఆ చేతి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అంతసేపు ఒక్క పేషెంటు పక్కన కూర్చుని ఎన్నేళ్లయిందో. ఆ నలభై నిమిషాల్లో హాల్లో ఎవరెవరు ఎన్నిసార్లు పిలిచారో అంతా వినపడింది. సెలైన్ అయిపోయిందని ఒకరు, చలిగా ఉందని ఒకరు, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లమని ఒకరు. కొన్ని పిలుపులు పవన్‌కుమార్ అందుకున్నాడు, కొన్ని గాలిలో కలిసిపోయాయి. తను హాల్లో తిరుగుతున్నప్పుడు ఇవన్నీ ఒకే రొదలా ఉండేవి. కూర్చుంటే ఒక్కొక్కటీ విడిగా, ఒక్కొక్క మనిషి గొంతులో వినపడుతున్నాయి.

"ఆయనొక్కడేనా మనిషి? మేం కాదా?" అని అరిచింది గోడ పక్క కుర్చీలోంచి దానమ్మ అనే ఆవిడ. "పొద్దున ఏడింటికి వచ్చాను. ఒంటిగంట బస్సు తప్పితే మళ్లీ మా ఊరికి దిక్కు లేదు. పెద్ద సిస్టరు గారు అక్కడ కూర్చుని కబుర్లా!"

నలుగురు ఆమెకి వంత పాడారు. దానమ్మ అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

జక్కయ్య మందు అయిపోయింది. సూది తీసి, దూది నొక్కి, అతని షీట్లో రాసి ఉన్న వాటినన్నిటినీ అడ్డంగా కొట్టేసింది. కింద కొత్తగా రాసింది: చూశాను, నొప్పి లేదు. సంతకం పెట్టింది. రెండేళ్లలో ఆ హాల్లో రాసిన మొదటి నిజమేమో అది. తర్వాత ఇవాళ్టి షీట్లన్నీ తీసుకుని పైకి బయల్దేరింది.

*

డైరెక్టర్ గదిలో అప్పటికే అందరూ ఉన్నారు. లక్ష్మీకాంత్ పక్కన క్రిస్టినా. వాళ్లకెదురుగా రామ్మూర్తి, ఒళ్లో గుడ్డ సంచి. గోడ దగ్గర బ్లెస్సీ నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. సొంతూరు కొండపల్లి నుంచి పొద్దుటి రైల్లో వచ్చినట్టుంది, ఎవరూ కూర్చోమనలేదు.

శౌరమ్మ షీట్లు బల్ల మీద పెట్టింది.

"ఏమిటివి?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఇవాళ్టివి సార్. టైము పన్నెండయింది. ఒంటిగంట దాకా ఎవరికీ నొప్పి లేదని రాసి ఉంది చూడండి. ఇలా రాయమని నేర్పింది నేను. బ్లెస్సీకి నేర్పాను, పవన్‌కుమార్‌కి నేర్పాను. రెండేళ్లుగా ఈ హాల్లో పనిచేసిన ప్రతి పిల్లకీ నేర్పాను. నర్సుల్ని ఇమ్మని గట్టిగా అడగలేక ఈ దారి పట్టాను. టీచరు గారు చెయ్యి మండుతోందని నాతో కూడా చెప్పారు. నేను ఆగి చూడలేదు."

"సిస్టర్, వద్దు" అంది బ్లెస్సీ సన్నగా. "నేను రాసిచ్చేశాను కదా, ఇంక వదిలేయండి సిస్టర్."

లక్ష్మీకాంత్ షీట్లు ముట్టుకోలేదు. కాసేపు శౌరమ్మ మొహంలోకి జాలిగా చూశాడు.

"మీరు చాలా అలసిపోయి ఉన్నారు శౌరమ్మ గారూ. బీపీ కూడా ఉంది కదా మీకు. ఇప్పుడన్న మాటలు మేమెవ్వరం విననట్టే. క్రిస్టినా, ఆ తలుపు వేయండి. రామ్మూర్తి గారూ, ఏమీ అనుకోకండి, ఇది మా స్టాఫ్ వ్యవహారం. రెండు నిమిషాలు బయట కూర్చుంటారా?"

క్రిస్టినా తలుపు వేసి గడియ దగ్గరే నిలబడింది. రామ్మూర్తి లేవలేదు. సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి, విప్పి, శౌరమ్మ ముందు పెట్టాడు. పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడానికి రాసుకున్న కంప్లయింటు అది. చక్కగా టైపు చేయించి ఉంది. బాధ్యులు అన్నచోట ఒకే ఒక్క పేరు, బ్లెస్సీ అని.

"నేను విన్నానండి" అన్నాడు, ఎప్పటిలాగే నెమ్మదిగా. జేబులోంచి పెన్ను తీసి ఆ కాగితం మీద ఉంచాడు. "నాకెవరి పేరు చెప్పారో అదే రాయించాను. తప్పయితే కొట్టేయండి. ఎవరెవరి పేర్లు ఉండాలో మీకే బాగా తెలుసు. రాయండి సిస్టర్."

శౌరమ్మ పెన్ను తీసుకుంది. బ్లెస్సీ పేరు మీద అడ్డంగా గీత గీసింది. పక్కన తన పేరు రాసింది. ఒక్క అక్షరమూ పొల్లుపోకుండా, స్పష్టంగా. దాని పక్కన కామా పెట్టి, రెండో పేరు మొదలుపెట్టబోతుండగా, బల్ల అవతల నుంచి లక్ష్మీకాంత్ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.